ఎడం తెలిసిన స్నేహం



2024 ఏప్రిల్ 28, ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. శంషాబాద్ విమానాశ్రయంలో గొల్లపల్లి వైపు ప్రహరీ దగ్గర అలారం మోగింది. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లు సీసీ కెమెరాలు తిప్పి చూశారు. గోడ దూకి వచ్చింది చిరుతపులి.

విమానాశ్రయం అనగానే మనకు అద్దాల మేడ, ట్రాలీలు, వీడ్కోలు కన్నీళ్లు గుర్తొస్తాయి. కానీ ఆ గోడ లోపల ఉన్నది దాదాపు 5,500 ఎకరాలు. రన్‌వేలూ భవనాలూ పోను మిగిలినదంతా గడ్డి, రాళ్లు, తుప్పలు, వాన పడితే నీళ్లు నిలిచే పల్లాలు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారిన సంగతి పేపర్లో వేసి మనుషులకు చెప్పారు. అంతకుముందు నుంచీ అటు తిరుగుతున్న జంతువులకు ఎవరు చెబుతారు?

ఆ తర్వాత ఐదు రోజులు అటవీశాఖ వాళ్లకు కంటిమీద కునుకు లేదు. బోనులు పెట్టారు. బోనుల్లో మేకలను ఎర వేశారు. అక్కడక్కడా ట్రాప్ కెమెరాలు బిగించారు. పొద్దున్నే ఆ కెమెరాల్లో చూస్తే చిరుత బోను దగ్గరకు వచ్చినట్టు కనిపించేది. వచ్చేది, చూసేది, లోపలికి పోకుండా తిరిగి వెళ్లిపోయేది. పైన విమానాలు మాత్రం దిగేవి దిగుతూ, లేచేవి లేస్తూ ఉన్నాయి. మే 3న చివరికి బోనులో పడింది. నెహ్రూ జూ పార్కుకు తరలించి, పరీక్షలు చేసి, నల్లమలలో అమ్రాబాద్ అడవిలో వదిలేశారు.

మనిషి, జంతువు, రోబో రాబోయే కాలంలో స్నేహంగా బతకగలవా అన్నది ఇవాళ్టి విషయం. దాని గురించి ఆలోచిస్తుంటే నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ట్రాప్ కెమెరా. దానికి కాళ్లూ చేతులూ లేవు, మాట రాదు. ఎదురుగా ఒంటివేడి ఉన్నదేదైనా కదిలితే పసిగట్టి ఒక ఫోటో తీసి ఊరుకుంటుంది. రోబో అని ఎవరూ అనరు. కానీ ఆ ఐదు రోజులూ అది చేసిన పని చూడండి. చిరుత ఎక్కడుందో మనుషులకు చెప్పింది. చిరుతను బెదిరించలేదు, తరమలేదు. ఎక్కడుందో తెలిసింది గనక ఎవరూ తుపాకీ పట్టాల్సిన అవసరం రాలేదు. స్నేహం మాట తర్వాత చూద్దాం, మధ్యవర్తిత్వం అంటే మాత్రం ఇదే.

మన తెలుగువాళ్లకు రోబో అంటే చిట్టి. 2010లో శంకర్ తీసిన 'రోబో' సినిమాలో చిట్టి దోమలతో మాట్లాడతాడు, గుర్తుందా? కథానాయిక సనాను కుట్టిన దోమ ఏదో వెతికి పట్టుకొచ్చి ఆమెకు క్షమాపణ చెప్పిస్తాడు. మనిషి, మర, దోమ ముగ్గురూ ఒకే గదిలో! హాలంతా నవ్వింది. నిజం హైదరాబాద్‌లో మాత్రం చెరువుల మీద డ్రోన్లు తిరుగుతూ దోమ లార్వాలను చంపే మందు చల్లుతున్నాయి. దోమతో రాజీ కుదిర్చే ఇంజినీరు ఇంకా పుట్టలేదు. తర్వాత 2018లో అదే దర్శకుడు '2.0' తీస్తే, అందులో చిట్టి తలపడింది పక్షుల పక్షాన నిలిచినవాడితో. సెల్‌ఫోన్ టవర్ల వల్ల పిట్టలు చచ్చిపోతున్నాయని కోపం పెంచుకున్న మనిషి అతను. మొదటి సినిమాలో దోమకు దుబాసీగా ఉన్న యంత్రం రెండో సినిమాకు వచ్చేసరికి పక్షులకు ఎదురు నిలబడింది. ఈ మార్పు గురించి ఎవరైనా ఒక వ్యాసం రాయాలి.

ఇక 2024 జూన్‌లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి. అదొక బండి, గొంతు కీర్తి సురేష్‌ది. కథానాయకుడు భైరవతో ఒకటే తగువు. పిల్లలు బుజ్జిని ఎందుకంత ఇష్టపడ్డారా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: అది ఎదురు మాట్లాడుతుంది. యజమాని చెప్పిన ప్రతిదానికీ తలాడించదు, వెక్కిరిస్తుంది, అలుగుతుంది. చిట్టి కథ కూడా అంతే. చెప్పినట్టల్లా విన్నంతసేపు అతనొక వింత. సొంత మనసు వచ్చి మాట వినడం మానేశాకే అతనిమీద మనకు జాలి, భయం, ప్రేమ అన్నీ కలిగాయి. అంటే, మనల్ని కాదని వెళ్లగలిగినవాడే ఉండిపోయినప్పుడు దాన్ని స్నేహం అంటున్నాం. ఇప్పుడు మన ఇళ్లలోకి వస్తున్న మాట్లాడే యంత్రాలకు ఆ కాదనే స్వేచ్ఛ లేదు. అవి మనకు నచ్చేట్టు మాట్లాడటానికే తయారైనవి. మిమ్మల్ని విడిచిపోలేనిది మీతో ఉండటంలో గొప్ప ఏముంది?

ఇక్కడ నాకు పరవస్తు చిన్నయసూరి కావాలి. 1853లో అచ్చయిన ఆయన నీతిచంద్రికలో మిత్రలాభం కథ చాలామందికి బడిలో పాఠం. వలలో చిక్కిన పావురాలు వలతో సహా ఎగిరిపోయి హిరణ్యకుడనే ఎలుక దగ్గర వాలతాయి. ఎలుక వల కొరికి విడిపిస్తుంది. ఇదంతా చూసిన లఘుపతనకమనే కాకికి ఆ ఎలుకతో స్నేహం చేయాలనిపిస్తుంది. కన్నం దగ్గరకు పోయి పిలుస్తుంది. అప్పుడు ఎలుక ఏం చేసింది? బయటికి రాలేదు. లోపలి నుంచే మాట్లాడింది. నువ్వు తినేవాడివి, నేను నీకు తిండిని, మనకు పొత్తు ఎట్లా కుదురుతుందని నిలదీసింది. కాకి ఎంతో బతిమాలాక, మాటల్లో నిజాయితీ కనిపించాక గాని ఒప్పుకోలేదు. తర్వాత ఆ స్నేహంలోకి తాబేలు వచ్చింది, జింక వచ్చింది, వేటగాడు వచ్చాడు, కథ సాగింది. పిల్లలకు చివరి నీతి చెప్పే తొందరలో ఆ కన్నం సంగతి మనం వదిలేస్తాం. నాకు మాత్రం కథంతా ఆ కన్నం అంచునే ఉంది. తినేదానికీ తినబడేదానికీ మధ్య స్నేహం కుదిరింది, కుదిరే ముందు నడుమ కొంత ఎడం ఉంది. ఆ ఎడమే ఎలుకకు ధైర్యం ఇచ్చింది. ఆ ధైర్యం ఉంది గనకే కాకి మాట చివరిదాకా వినగలిగింది.

రేపటి శంషాబాద్‌లో రోబోకు నేనిచ్చే ఉద్యోగం ఆ కన్నానిది. కాకిలాగో ఎలుకలాగో ఉండమని దాన్ని అడగను. రెండింటి నడుమ ఎడం కాయమంటాను.

కుక్కల మాట వేరే. కుక్కకూ మనకూ మధ్య ఎడం ఎప్పుడో పోయింది. విమానాశ్రయంలోనే చూడండి. సీఐఎస్ఎఫ్ జవాన్ల పక్కన నడిచే కుక్కలు సామాన్లు వాసన చూస్తాయి. పేలుడు పదార్థాలను గుర్తించే యంత్రాలు ఎన్ని వచ్చినా వాటి పక్కన కుక్క ఉంటూనే ఉంది. యంత్రం దగ్గరకు సంచిని మనం తీసుకుపోవాలి. కుక్క అయితే వాసన పట్టుకుని సంచి దగ్గరకే పోతుంది. శంషాబాద్‌కు కాస్త దూరంలో మొయినాబాద్‌లో పోలీసు కుక్కల శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ కుక్కకూ దాన్ని నడిపే మనిషికీ జంటగా శిక్షణ ఇస్తారు. ఆ జంట విడిపోతే శిక్షణ సగం పోయినట్టే. 2019లో ఢిల్లీ మెట్రోలో పనిచేసిన సీఐఎస్ఎఫ్ కుక్కలకు పదవీ విరమణ సభ పెట్టి, మెడలో పతకాలు వేసి సాగనంపారు. స్కానర్‌కు అలాంటి సభ ఎవరూ పెట్టరు. పాతదాన్ని విప్పి కొత్తది బిగిస్తారు, అంతే.

ఇంకో రకం కుక్కలు కూడా శంషాబాద్‌కు వచ్చాయి. 2025లో థెరపీ కుక్కలను తెచ్చారు, టాయ్ పూడుల్ జాతివి, చిన్నవి. ప్రయాణపు కంగారులో ఉన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి వాటిని నిమురుకోవచ్చు. మొదట విన్నప్పుడు ఇదేదో షోకు అనుకునేవాళ్లు ఉంటారు. కానీ అమెరికా వీసా మీద మొదటిసారి వెళ్తున్న పిల్లవాడు, వాడిని దిగబెట్టి గేటు బయటే ఆగిపోయిన అమ్మానాన్న, ఈ దృశ్యం రోజూ జరిగే చోటు అది. అక్కడ తోక ఊపే ప్రాణి ఒకటి ఉంటే చెడ్డేం లేదు.

ఈ పనిని రోబో చేయలేదా? జపాన్‌లో చేస్తోంది. తెల్లటి సీల్ పిల్ల ఆకారంలో పారో అనే రోబోను తకనోరి షిబాతా తయారుచేశారు. నిమిరితే కళ్లు మూస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. మతిమరుపు జబ్బున్న వృద్ధుల ఆశ్రమాల్లో దాన్ని వాడుతున్నారు, కరవదు, రోగాలు అంటించదు. సోనీ 1999లో ఐబో అనే రోబో కుక్కను అమ్మకానికి పెట్టింది. 2006లో తయారీ ఆపింది, 2014లో మరమ్మతులు కూడా ఆపేసింది. మరుసటి ఏడాది నుంచి చిబా ప్రాంతంలో ఇసుమి ఊరి బౌద్ధాలయం కోఫుకుజిలో మూలపడ్డ ఐబోలకు అంత్యక్రియలు జరిపించారు. పూజారి మంత్రాలు చదివాడు. తర్వాత వాటి విడిభాగాలు తీసి ఇంకా నడుస్తున్న ఐబోలకు అమర్చారు. దసరా నాడు స్కూటరుకు బొట్టు పెట్టి నిమ్మకాయ తొక్కించే మనం దాన్ని చూసి నవ్వకూడదు.

అయితే ఒక మాట. ఆ ఏడుపంతా మనిషి వైపుదే. యజమాని ముందు పోతే ఐబో అన్నం మానేయదు. అందుకే వృద్ధులకు పారో మంచిదే గాని, పారో ఉంది కదా అని కొడుకు ఫోన్ చేయడం మానేస్తే అది మంచిది కాదు. ఈ విషయం ఇంతకన్నా పొడిగించను, మీ అందరికీ తెలిసినదే.

యంత్రం వల్ల జంతువుకు నేరుగా మేలు జరిగిన చోటు ఒకటి ఉంది, కేరళలో. 2023 ఫిబ్రవరిలో త్రిస్సూర్ జిల్లా ఇరింజాడప్పిళ్ళి శ్రీకృష్ణ ఆలయానికి జంతు హక్కుల సంస్థ పెటా ఒక మర ఏనుగును ఇచ్చింది. 11 అడుగుల ఎత్తు, 800 కిలోల బరువు, తల ఊపుతుంది, చెవులు ఆడిస్తుంది. గొలుసు లేదు, అంకుశం లేదు. మన హైదరాబాద్‌లో కూడా మొహర్రం నాడు బీబీ కా ఆలం ఊరేగింపుకూ, బోనాల్లో ఘటం ఊరేగింపుకూ ఏనుగు కావాలి. ఏటా ఎక్కడి నుంచి తేవాలి, అనుమతి ఎవరివ్వాలన్న తగువు తప్పదు. పాతబస్తీ ఇరుకు వీధుల్లో డప్పుల మోతలో నడిచే ఏనుగును చూస్తే, దానికి బదులు మర ఏనుగు వస్తే బాగుండుననే నాకు అనిపిస్తుంది. భక్తులు ఒప్పుకుంటారా? కేరళలో ఒప్పుకున్నారు. పూజ అంటే అందరికన్నా పట్టింపు ఎక్కువున్న చోటది.

ఇప్పుడు రన్‌వే మీదకు వద్దాం. అసలు గొడవంతా అక్కడుంది.

విమానాలకు పక్షుల భయం ఎంతటిదో 2009 జనవరి 15న న్యూయార్క్‌లో తెలిసింది. లేచిన కొద్ది నిమిషాలకే పెద్దబాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ ఆగిపోతే, పైలట్ విమానాన్ని హడ్సన్ నది మీద దించాడు. 155 మందీ బతికారు. మన దగ్గర అంత పెద్ద బాతులు లేకపోయినా గద్దలున్నాయి, కొంగలున్నాయి, తీతువులున్నాయి. రాత్రి తీతువు కూస్తే కీడని మన ఇళ్లలో భయం, పైలట్లకు పగలు కూడా భయమే. ఈ తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది, గుడ్లకూ రాళ్లకూ తేడా తెలియదు. రన్‌వే అంచున ఉండే కంకర నేల దానికి ఎవరో కావాలని పరిచిపెట్టిన పురిటి గదిలా ఉంటుంది. తొలకరి పడగానే ఉసిళ్లు లేస్తాయి, గడ్డిలో మిడతలు పుడతాయి. వాటికోసం కొంగలు, గోరింకలు దిగుతాయి. వాటి వెనక గద్దలు. వానాకాలంలో మన విమానాశ్రయాల్లో పక్షులు తగలడం పెరిగేది ఇందుకే.

తరమడానికి మొదట బాణాసంచా కాల్చారు. తర్వాత లౌడ్‌స్పీకర్లలో డేగ అరుపులు వినిపించారు. పక్షి నాలుగు రోజులు భయపడుతుంది. ఐదో రోజు ఆ శబ్దం తనను ఏమీ చేయదని తెలుసుకుంటుంది. ఆరో రోజు ఆ లౌడ్‌స్పీకరు మీదే కూర్చుంటుంది. పక్షుల తెలివిని తక్కువ అంచనా వేయడం మన పాత జబ్బు.

అమెరికాలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్ విమానాశ్రయం 1999లో జెట్ అనే గొర్రెల కాపరి కుక్కను ఈ పనికి పెట్టుకుంది, బోర్డర్ కోలీ జాతి. మిషిగన్‌లో ట్రావర్స్ సిటీ విమానాశ్రయంలో పైపర్ అనే ఇంకో కోలీ ఉండేది. కళ్లకు గాగుల్స్, చెవులకు రక్షణ పెట్టుకుని రన్‌వే పక్కన పరుగెత్తేది. 2018 జనవరిలో అది చనిపోతే దాన్ని ఎప్పుడూ చూడని వేలమంది బాధపడ్డారు. కుక్క వెంటపడితే పక్షికి అది ఎప్పటికీ పాతబడదు, ఎందుకంటే కుక్క నిజంగా పట్టుకోగలదు.

ఇప్పుడు రోబోల వంతు. నెదర్లాండ్స్‌లో ఒక సంస్థ రెక్కలు కొట్టుకుంటూ ఎగిరే మర డేగను చేసింది, పేరు రోబర్డ్. 2017లో కెనడాలోని ఎడ్మంటన్ విమానాశ్రయంలో దాన్ని ఎగరేశారు. 2024లో అలాస్కా రవాణా శాఖ ఫెయిర్‌బ్యాంక్స్ విమానాశ్రయం కోసం నాలుగు కాళ్ల రోబోను తెస్తున్నట్టు ప్రకటించింది. అరోరా దాని పేరు, లాబ్రడార్ కుక్కంత ఉంటుంది, తల ఉండదు. వలస పక్షులు రన్‌వే మీద వాలకుండా చూడటం దాని పని. నక్కలా, కొయోటీలా కనిపించడానికి మీద వేషం కూడా మార్చవచ్చు. పగటివేషగాళ్ల దేశంలో పుట్టిన మనకు ఇది వింతేమీ కాదు.

ఇలాంటిది శంషాబాద్‌కు వస్తుందా? నాలుగు కాళ్ల రోబోను చేయగలిగిన ఇంజినీర్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. హైదరాబాద్‌లోని స్వాయా రోబోటిక్స్ 2022లోనే అలాంటిదాన్ని చేసి చూపించింది. 2023 మేలో తెలంగాణ ప్రభుత్వం రోబోటిక్స్ విధానం ప్రకటించింది. కంది ఐఐటీలో డ్రైవరు లేని బండ్లను నడిపి చూసే మైదానం 2022 నుంచి ఉంది. ఎగిరే రోబోకు మాత్రం ఇక్కడ చిక్కు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 5 కిలోమీటర్ల లోపు ప్రత్యేక అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. నిజం గద్దకు ఏ అనుమతీ అక్కర్లేదు, దాన్ని తరమబోయే మర గద్దకు ఢిల్లీ నుంచి కాగితం కావాలి.

అయినా నాకు ఈ తరిమే రోబోల మీద పెద్ద ఆశ లేదు. తరమడం ఒక్కటే పనైతే ఆ తల లేని కుక్కను కూడా పక్షులు కొన్నాళ్లకు చదివేస్తాయి. పక్షి ఎందుకు వస్తోందో తెలుసుకునే యంత్రం వస్తే దానికి నమస్కారం పెడతాను. ఏ గడ్డిలో ఏ పురుగు ఎప్పుడు పుడుతోంది, ఏ పల్లంలో నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తున్నాయి, తీతువు ఏ నెలలో ఎక్కడ గుడ్లు పెడుతోంది, ఇవన్నీ మనిషి ఓపికతో అయ్యే పనులు కావు. విసుగులేకుండా రోజూ అదే దారిలో తిరిగి రాసిపెట్టడం మరకు చేతనవును. ఇంజిన్‌కు తగిలిన పక్షి ఏదో తెలియకపోతే రక్తపు మరకో ఈక ముక్కో చాలు, డీఎన్ఏను బట్టి జాతి చెప్పవచ్చు. అలాంటి విద్య తెలిసిన లాకోన్స్ ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది, ఎక్స్‌ప్రెస్‌వే మీద మీరు విమానాశ్రయానికి పోయే దారి పక్కనే. కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లది. 

పక్షి ఎందుకు వస్తోంది అన్న ప్రశ్న పట్టుకుని పోతే గోడ దాటి బయటికి రావాలి. 1937 నాటి విమాన నిబంధనల్లో ఉంది: విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల మేర పక్షులూ జంతువులూ పోగయ్యేట్టు జంతువులను కోయడం, చెత్త పారేయడం నిషేధం. కాగితం మీద ఇది ఎప్పటి నుంచో ఉంది. మీరు ఆదివారం పొద్దున శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకసారి నడిచి రండి. మాంసం దుకాణాల వెనక, ఖాళీ ప్లాట్లలో కుప్పలు. పైన గద్దలు, కింద కుక్కలు.

ఆ కుక్కల గురించి మాట్లాడకుండా స్నేహం గురించి మాట్లాడితే అది అబద్ధం అవుతుంది. 2024 ఫిబ్రవరిలో ఇదే శంషాబాద్‌లో ఏడాది వయసు పసివాణ్ని వీధికుక్కలు చంపేశాయి. అంతకు ఏడాది ముందు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని. పూడుల్‌ను నిమిరే టెర్మినల్‌కూ ఈ వీధులకూ మధ్య దూరం ఎంతో కాదు. అదే కుక్క జాతి, అదే ఊరు. మరో వైపు కూడా చెప్పాలి. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద చిరుత కనిపించింది. మనుషుల మీదకు దూకినప్పుడు దాన్ని చుట్టుముట్టి మొరిగింది వీధికుక్కలే. వాటిని మెచ్చుకోవాలా, భయపడాలా? రెండూ. 2025లో ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆగస్టులో ఒక ఉత్తర్వు, అదే నెలలో దానికి సవరణ, నవంబర్‌లో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి కుక్కలను తరలించమని మరో ఉత్తర్వు. దేశమంతా రెండుగా చీలి అరుచుకుంది. చెత్తకుప్ప పేరెత్తినవాళ్లు తక్కువ.

చిరుత ఊళ్ల దగ్గరకు ఎందుకు వస్తుందన్నదానికి కూడా జవాబు ఆ కుప్పలోనే కొంత ఉంది. మహారాష్ట్రలో అకోలే ప్రాంతపు చిరుతల మీద విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు చేసిన పరిశోధనలో తేలినదేమంటే, ఆ చిరుతల తిండిలో పెద్ద వాటా కుక్కలదే. చెత్త ఉన్నచోట కుక్క, కుక్క ఉన్నచోటికి చిరుత. కుప్ప మీద ఎగిరే గద్ద విమానానికి ఎదురు. ఒక్క కుప్ప మూడు ఎడాలను చెరిపేస్తుంది. ఎలుక కన్నాన్ని మనమే పూడ్చేసి, ఇప్పుడు కాకితో మాట్లాడటానికి రోబోను తెమ్మంటున్నాం.

ఇంకో చిన్న యంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. అమెరికాలో స్థిరపడే మన పిల్లలు కొందరు కుక్కను కూడా వెంట తీసుకెళ్తారు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నియమం మారింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనది ఉంది గనక టీకా కాగితాలు ఇంకా గట్టిగా చూస్తారు. ఆ చిప్‌ను సూదితో మెడ వెనక చర్మం కిందికి పంపుతారు. దాంట్లో బ్యాటరీ ఉండదు. రీడర్‌ను దగ్గరకు తెస్తే, దాన్నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే మేలుకుని తన 15 అంకెల నంబరు చెప్పి మళ్లీ ఊరుకుంటుంది. రేడియోలో మాట్లాడుతున్నాను గనక ఈ ముక్క మీద నాకు కాస్త మమకారం.

శంషాబాద్ నుంచి డల్లాస్ పోయే కుక్కకు ఉన్న ఆ చిప్ శంషాబాద్‌లోనే ఉండిపోయే కుక్కకు ఎందుకు ఉండకూడదు? 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, మళ్లీ దాని చోటే వదలాలి. గుర్తుకు చెవి కొన కత్తిరిస్తారు. టీకా ఎప్పుడు వేశారు, మళ్లీ ఎప్పుడు వేయాలి, ఏ వీధిది, ఇవేవీ చెవి కొన చెప్పదు. చిప్ నంబరుతో రికార్డు వెతికితే తెలుస్తుంది. దానికి తోడు, మాంసం దుకాణాల వెనక ప్రతి కుప్ప దగ్గరా ఒక కెమెరా పెట్టండి. చిరుత కోసం ఐదు రోజులు పెట్టిన రకమే చాలు. ఏ వేళకు ఎన్ని కుక్కలు వస్తున్నాయి, ఎన్ని గద్దలు దిగుతున్నాయి, చెత్త బండి నిజంగా వచ్చిందా లేదా అది చెప్పాలి. మున్సిపాలిటీ వాళ్లకు ఆ మూడో లెక్క నచ్చకపోవచ్చు. నన్నడిగితే రోబోల ఖర్చు అక్కడ మొదలుపెట్టాలి, రన్‌వే మీద పరుగెత్తే తల లేని కుక్క సంగతి ఆ తర్వాత చూడవచ్చు.